పిల్లలకు ఆస్తి రాసిచ్చేస్తున్నారా? డాక్యుమెంట్‌లో ఈ ఒక్క షరతు ఉందో లేదో చూసుకోండి!

"ఎలాగూ పిల్లలకే కదా, ఓపిక ఉన్నప్పుడే రాసిచ్చేస్తే ఓ పనైపోతుంది." అరవై దాటిన వాళ్లున్న ఇళ్లలో ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వస్తుంది. తర్వాత అన్నదమ్ముల మధ్య గొడవలు రాకూడదని కొందరు, కొడుక్కి లోన్ రావాలంటే ఇల్లు వాడి పేరు మీద ఉండాలని ఇంకొందరు రాసిచ్చేస్తుంటారు. కారణం ఏదైనా సరే, రిజిస్ట్రేషన్ పూర్తయ్యాక ఆ ఇల్లు ఇక తల్లిదండ్రులది కాదు.

చాలామంది పిల్లలు అమ్మానాన్నలను బాగానే చూసుకుంటారు. కానీ పరిస్థితి తేడా కొట్టినప్పుడు ఆర్డీవో ముందు, కోర్టు ముందు లెక్కలోకి వచ్చేది కాగితం మీద ఏం రాశారన్నదే. మందులకు డబ్బులు, ఆస్పత్రికి తీసుకెళ్లే మనిషి, తల మీద కప్పు.. ఇవన్నీ కొన్నిసార్లు ఆ డాక్యుమెంట్‌లోని ఒక్క వాక్యం మీదే ఆధారపడతాయి. ఆ వాక్యం ఏంటి? ఎందుకంత ముఖ్యం? సింపుల్‌గా చూద్దాం.

వీలునామా వేరు, గిఫ్ట్ డీడ్ వేరు

ఈ రెండింటినీ చాలామంది ఒకటే అనుకుంటారు. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

వీలునామా రాసిన మనిషి చనిపోయాకే అమల్లోకి వస్తుంది. బతికున్నంత కాలం ఆస్తి ఆయనదే. మనసు మారితే ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు. వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కూడా కాదు. అయితే తర్వాత వివాదం రాకుండా చేయించుకోవడమే మేలు.

గిఫ్ట్ డీడ్ అలా కాదు. ఇల్లు, భూమి లాంటి స్థిరాస్తిని దానంగా ఇవ్వాలంటే ఇద్దరు సాక్షులు ఉండాలి, రిజిస్ట్రేషన్ జరగాలి. తీసుకునేవాళ్లు ఒప్పుకొని, రిజిస్ట్రేషన్ అయిపోయాక హక్కు చేతులు మారినట్టే. కుటుంబంలో ఎక్కువగా రాసుకునే సెటిల్‌మెంట్ డీడ్‌తో కూడా మామూలుగా హక్కు అప్పుడే బదిలీ అవుతుంది. "తర్వాత చూసుకుందాంలే, కావాలంటే వెనక్కి తీసుకోవచ్చు" అనుకుంటే కుదరదు. ఇచ్చినవాళ్లు ఏకపక్షంగా రద్దు చేసుకోవడం అంత ఈజీ కాదు. మామూలుగా అయితే సివిల్ కోర్టుకు వెళ్లి, ఏళ్ల తరబడి తిరగాల్సి వస్తుంది.

సెక్షన్ 23 ఏం చెబుతోంది?

ఇలాంటి పరిస్థితిలో పెద్దవాళ్లకు అండగా ఉండేదే 2007లో పార్లమెంట్ తెచ్చిన తల్లిదండ్రులు, సీనియర్ సిటిజన్ల పోషణ, సంక్షేమ చట్టం. 60 ఏళ్లు నిండిన ఎవరైనా ఈ చట్టం ప్రకారం సీనియర్ సిటిజన్లే.

ఇందులో సెక్షన్ 23 చాలా కీలకం. సీనియర్ సిటిజన్ తన ఆస్తిని, కనీస సౌకర్యాలు, అవసరాలు చూసుకోవాలన్న షరతుతో ఎవరికైనా రాసిచ్చారనుకుందాం. ఆస్తి తీసుకున్నవాళ్లు ఆ తర్వాత చూసుకోకపోతే, ఆ బదిలీ మోసంతోనో, బలవంతంతోనో, ఒత్తిడితోనో జరిగినట్టే చట్టం భావిస్తుంది. రాసిచ్చినవాళ్లు కోరితే ట్రిబ్యునల్ ఆ బదిలీ చెల్లదని ప్రకటించొచ్చు. ఈ రక్షణ చట్టం అమల్లోకి వచ్చిన తర్వాత రాసిన డాక్యుమెంట్లకే వర్తిస్తుంది.

ఇక్కడ అసలు పాయింట్ "షరతుతో" అన్న మాట. చాలా డాక్యుమెంట్లలో "ప్రేమాభిమానాలతో ఇస్తున్నాను" అని మాత్రమే ఉంటుంది. చూసుకోవాలన్న మాట ఎక్కడా ఉండదు. ఫార్మాట్ ప్రకారం టైప్ చేసి ఇస్తారు, పెద్దవాళ్లు చదవకుండానే సంతకం పెట్టేస్తారు.

సుప్రీంకోర్టు రెండు తీర్పులు.. తేడా చూడండి

2022 డిసెంబర్‌లో హర్యానాకు చెందిన ఓ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఒక తల్లి తన కూతుళ్ల పేరు మీద ఆస్తి రిలీజ్ డీడ్ చేశారు. తర్వాత దాన్ని రద్దు చేయాలని ట్రిబ్యునల్‌కు వెళ్తే రద్దయింది. కానీ సుప్రీంకోర్టు ఆ రద్దును కొట్టేసింది. పోషణ చూసుకోవాలన్న షరతుతో ఆస్తి ఇచ్చినట్టు ఆ తల్లి ఎక్కడా చెప్పలేదని, నిరూపించలేదని, షరతు లేకుండా సెక్షన్ 23 వర్తించదని తేల్చింది.

2025 జనవరి 2న వచ్చిన తీర్పు దీనికి భిన్నం. ఇది మధ్యప్రదేశ్ కేసు. తల్లి కొడుక్కి గిఫ్ట్ డీడ్ రాసిచ్చారు. తల్లిదండ్రులను చివరిదాకా చూసుకుంటానని, చూసుకోకపోతే ఆస్తి వెనక్కి తీసుకోవచ్చని కొడుకు విడిగా ఓ కాగితం రాసిచ్చినట్టు తల్లి చూపించారు. అది నకిలీదని కొడుకు వాదించినా సుప్రీంకోర్టు తల్లి వైపే నిలిచింది. గిఫ్ట్ డీడ్ రద్దయింది, ఆస్తి తిరిగి ఆమెకు అప్పగించాలని ఆదేశం వచ్చింది. ఇది పెద్దవాళ్ల మేలు కోసం తెచ్చిన చట్టం కాబట్టి వారికి అనుకూలంగానే అర్థం చేసుకోవాలని, అవసరమైతే ఖాళీ చేయించే ఆదేశాలు కూడా ట్రిబ్యునల్ ఇవ్వొచ్చని కోర్టు చెప్పింది.

రెండూ తల్లుల కేసులే. ఒకరి దగ్గర షరతుకు ఆధారం లేదు, ఇంకొకరి దగ్గర ఉంది. ఫలితం తారుమారైంది.

మరి డాక్యుమెంట్‌లో ఏం రాయించాలి?

* షరతు స్పష్టంగా ఉండాలి. "మమ్మల్ని బతికున్నంత కాలం తిండి, బట్ట, నివాసం, వైద్యం లోటు లేకుండా చూసుకోవాలన్న షరతుపై ఇస్తున్నాం. చూసుకోని పక్షంలో ఈ డీడ్ రద్దు చేసుకునే హక్కు మాకు ఉంటుంది" అనే అర్థం వచ్చేలా రాయించాలి.

* ఉండే హక్కు వదులుకోవద్దు. ఆ ఇంట్లో భార్యాభర్తలిద్దరూ జీవితాంతం ఉండే హక్కు, అద్దె వస్తుంటే అది తీసుకునే హక్కు తమకే ఉంచుకుంటున్నట్టు రాయించుకోవచ్చు. నాన్న పోయాక అమ్మ పరిస్థితి ఏంటన్నది ముందే ఆలోచించాలి. అందుకే అమ్మ పేరు కూడా అందులో ఉండేలా చూడాలి.

* ఉన్నదంతా ఒకేసారి ఇచ్చేయొద్దు. ఇల్లు రాసినా, బ్యాంకులో కొంత డబ్బు, పెన్షన్ అకౌంట్, ఏటీఎం కార్డు మీ చేతుల్లోనే ఉండాలి.

* సంతకానికి ముందు చదివించుకోవాలి. ఆస్తి తీసుకునే వ్యక్తి కాకుండా, మీరు నమ్మే ఇంకొకరితో ప్రతి లైనూ చదివించుకోండి. ఒరిజినల్ ఎవరి దగ్గర ఉన్నా, సర్టిఫైడ్ కాపీ ఒకటి మీ దగ్గర పెట్టుకోండి.

* తొందర లేకపోతే వీలునామానే బెటర్. ఆస్తి ఇప్పుడే మార్చాల్సిన అవసరం లేదనుకుంటే ఇదే సేఫ్.

షరతు రాయించడం అంటే పిల్లలను అనుమానించడం కాదు. నిజంగా చూసుకునే కొడుక్కో, కూతురికో ఆ వాక్యం వల్ల పోయేదేమీ లేదు. పైగా అమెరికాలోనో, బెంగళూరులోనో ఉన్న మిగతా తోబుట్టువులకు కూడా అమ్మానాన్నల బాధ్యత ఎవరిదన్న క్లారిటీ ఉంటుంది. పెద్దవాళ్లు అడగడానికి మొహమాటపడతారు కాబట్టి, పిల్లలే ముందుకొచ్చి "ఆ షరతు రాయించు నాన్నా" అంటే ఇంకా మంచిది.

ఇప్పటికే రాసిచ్చేశారా? ఏం చేయాలి?

ముందు సర్టిఫైడ్ కాపీ తీసుకుని, అందులో పోషణ గురించి ఎక్కడైనా ఉందేమో చూడండి. లేకపోతే మధ్యప్రదేశ్ కేసులోలా విడిగా రాసిన కాగితం ఏదైనా ఉందేమో వెతకండి. పెద్దమనుషుల ముందు రాసుకున్న ఒప్పందం లాంటివి ఉంటే జాగ్రత్త చేయండి.

అర్జీ పెట్టుకోవాల్సింది మీ డివిజన్ ఆర్డీవో నేతృత్వంలోని ట్రిబ్యునల్‌కు. రాలేని స్థితిలో ఉంటే వేరే వ్యక్తికి గానీ, స్వచ్ఛంద సంస్థకు గానీ అధికారం ఇవ్వొచ్చు. లాయర్‌ను పెట్టుకోవాలన్న రూల్ లేదు. ఆర్డీవో ఆఫీసులో పని కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో (తెలంగాణ), ప్రజా సమస్యల పరిష్కార వేదికలో (ఏపీ) చెప్పుకోవచ్చు. ట్రిబ్యునల్ తీర్పు మీకు వ్యతిరేకంగా వస్తే 60 రోజుల్లోగా కలెక్టర్ స్థాయిలోని అప్పీల్ ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు.

ఆస్తి రాయకపోయినా పోషణ హక్కు ఉంది

ఆస్తి ఇస్తేనే చూసుకోవాలని చట్టం చెప్పలేదు. తమ సంపాదనతో, ఆస్తితో బతకలేని తల్లిదండ్రులు కొడుకులు, కూతుళ్లు, మేజరైన మనవళ్లు, మనవరాళ్ల నుంచి నెలనెలా పోషణ ఖర్చు అడగొచ్చు. పిల్లలు లేనివాళ్లయితే, ఆస్తి దక్కే దగ్గరి బంధువులను అడగొచ్చు. చట్టం ప్రకారం గరిష్ఠ పరిమితి నెలకు రూ.10,000. నోటీసు అందిన 90 రోజుల్లో కేసు తేల్చాలి, ప్రత్యేక పరిస్థితుల్లో ఇంకో 30 రోజులు పొడిగించొచ్చు. ఆదేశం వచ్చాక కూడా కట్టకపోతే నెల వరకు జైలు పడొచ్చు. పెద్దవాళ్లను ఎక్కడైనా వదిలేసి వెళ్లిపోతే 3 నెలల వరకు జైలు, లేదా రూ.5,000 వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

ఈ నంబర్లు ఫోన్‌లో సేవ్ చేసుకోండి

14567: ఎల్డర్‌లైన్. సీనియర్ సిటిజన్ల కోసం కేంద్రం నడిపిస్తున్న టోల్ ఫ్రీ హెల్ప్‌లైన్. ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు పనిచేస్తుంది. చట్టపరమైన సలహా, పెన్షన్ సమాచారం, వేధింపులపై సాయం, ఒంటరిగా ఉన్నవాళ్లకు ధైర్యం చెప్పే మాట.. అన్నీ ఇక్కడ దొరుకుతాయి. దీనికి బీజం పడింది హైదరాబాద్‌లోనే. 2017లో టాటా ట్రస్ట్స్, విజయవాహిని ఫౌండేషన్ కలిసి పోలీసుల సహకారంతో ఇక్కడ మొదలుపెట్టాయి. 2021లో దేశమంతటికీ విస్తరించింది.

15100: న్యాయ సేవల సంస్థ హెల్ప్‌లైన్. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సాయం దొరుకుతుంది. అమ్మ కేసు అయితే ఈ విషయం గుర్తుంచుకోండి.

112: కొట్టడం, ఇంట్లోంచి గెంటేయడం లాంటివి జరిగితే ఆలస్యం చేయకుండా పోలీసులకు ఫోన్ చేయండి.

ప్రతి ఆస్తి కేసూ ఒకేలా ఉండదు. అందుకే సంతకం పెట్టే ముందు ఓసారి లాయర్‌ను గానీ, జిల్లా న్యాయ సేవాధికార సంస్థను గానీ అడగండి. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో రిజిస్ట్రేషన్ మాటలు నడుస్తుంటే ఈ విషయం ఇవాళే వాళ్ల చెవిన వేయండి. రిజిస్ట్రేషన్‌కు ముందు అదనంగా రాయించాల్సింది ఒక్క వాక్యమే. తర్వాత గుర్తొస్తే మాత్రం ఆఫీసుల చుట్టూ తిరగాలి.