డిజిలాకరు: చెదలంటని పత్రముల పెట్టె

పట్టాదారు పాసుపుస్తకమును ట్రంకుపెట్టెలో దాచి, చెదలకో వరదకో కోల్పోయి, కచేరీల చుట్టును తిరుగు రైతులను మేమెఱుగుదుము. అట్టివారికి ఉపకరించునది 2015 జూలై 1వ తేదీన కేంద్ర ప్రభుత్వము ఆరంభించిన డిజిలాకరు. ఇందలి పత్రములు మన ఫోనులో గాక, దూరముననున్న కంప్యూటరులలో భద్రముగా నుండును. ఈ పద్ధతినే క్లౌడ్ అందురు. ఫోను కాలువలో పడినను, వేఱొక ఫోనునుండి వానిని మరల చూడవచ్చును.

ఖాతా తెఱచుట కష్టము గాదు. ఆధారుతో జతపఱచిన ఫోను నంబరు చెంతనుండవలెను. డిజిలాకరు యాప్‌లో ఆధారు సంఖ్యను వ్రాసి, ఫోనునకు వచ్చు ఓటీపీ అను సంఖ్యను నమోదుచేసి, ఆఱంకెల పిన్నును ఏర్పఱచుకొనవలెను. పెద్దలు ఇంటనున్న చదువుకొన్న పిల్లల సాయము పొందవచ్చును.

ఇచ్చట నొక భేదము ముఖ్యము. ప్రభుత్వ శాఖలు డిజిలాకరు ద్వారా నేరుగా జారీచేసిన పత్రము, కేంద్ర నిబంధనల ప్రకారము, అసలుతో సమానము. మనము ఫోటో తీసి ఎక్కించినది కేవలము నకలు. కావున ఫోటో ఉన్నదిగదా యని అసలు దస్తావేజును అశ్రద్ధ చేయరాదు.

ఓటీపీని, పిన్నును ఎవ్వరికిని చెప్పరాదు. కచేరీ పేర ఫోను చేసి యడిగినను చెప్పరాదు. రాబోవు వానలకు ముందే సభ్యులెల్లరును ఈ ఖాతాను తెఱతురుగాక యని కోరుచున్నాము.