విద్యార్థులు అడిగిన లెక్క

గత డిసెంబరు 10న, మానవ హక్కుల దినం సందర్భంగా, మా ఊరి కాలేజీ ఒకదానిలో మాట్లాడమని నన్ను పిలిచారు. రాబర్ట్‌సన్‌పేటలో పుట్టి పెరిగినవాణ్ణి, పైగా బ్యాంకు ఆఫీసర్ని; వేదిక మీద కుర్చీకి ఇంతకన్నా అర్హత ఏం కావాలి! 1948 నాటి ఐక్యరాజ్యసమితి ప్రకటన గురించి నాలుగు కాగితాలు రాసుకుని వెళ్ళాను.

పిల్లలు నాకంటే బాగా సిద్ధమయ్యారు. గోడకు బెజవాడ విల్సన్ గారి ఫోటో పెట్టారు. 2001లో గనులు మూతపడి తలోచోటికి వెళ్ళిన మన కుటుంబాలకు ఆ పేరు తెలిసే ఉంటుంది. 1966లో ఇక్కడే, తెలుగు ఇంట్లో పుట్టారు. తల్లిదండ్రులది పాకీ పని. గని కాలనీల్లో మనుషుల చేత మలం ఎత్తిస్తున్నారని ఫోటోలు తీసి, పై అధికారులకు లేఖలు రాసిన మనిషి. ఆ పనిని నిషేధిస్తూ 1993లోనే చట్టం వచ్చింది గాని, అది అమలుకావాలని ఆయన సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళవలసి వచ్చింది. 2014 మార్చి 27న తీర్పు వచ్చింది. 1993 నుంచి మురుగు గుంటల్లో చనిపోయినవారి కుటుంబాలకు పది లక్షల చొప్పున ఇవ్వమన్నారు. 2016లో ఆయనకు మెగసెసే అవార్డు వచ్చింది.

ఒక అమ్మాయి లేచింది. "సార్, ఆ దొడ్లున్న రోజుల్లో మీరూ ఇక్కడే చదివారు కదా. మీ విద్యార్థులేం చేశారు?"

సమ్మెలు చేశాం. బస్సు పాసుల కోసం, పరీక్షల వాయిదా కోసం. మా బెంచీలో కూర్చునే ఒక కుర్రవాడు, నాన్నగారేం చేస్తారంటే "మైన్స్‌లో" అని ఊరుకునేవాడు. ఒకసారి అకౌంట్స్ నోట్సు కోసం వాళ్ళింటికి వెళ్ళాను. మే నెల. వాళ్ళమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది. దాహం లేదన్నాను. ఆ తర్వాత వాడు వెనక బెంచీకి మారిపోయాడు. ఎందుకని నేనూ అడగలేదు.

ఇదంతా సభలో చెప్పేశాను. రాసుకెళ్ళిన కాగితాలు జేబులోనే ఉండిపోయాయి.

ఆ అమ్మాయి కూర్చోలేదు. "ఆ పని మానేసినవారికి ప్రభుత్వం రాయితీతో రుణాలు పెట్టింది కదా సార్. మీ సర్వీసులో ఎన్ని ఇచ్చారు?"

ఒక్క దరఖాస్తు వచ్చినట్టు గుర్తు. హామీదారు లేడని తిప్పి పంపాను. ఆ మాటే చెప్పాను.

ఆమె నోటుబుక్కులో ఏదో అంకె వేసుకుంది.