పప్పు కడుపులోకి వెళ్లాక

బెంటన్‌విల్‌లో ఏ పెద్ద దుకాణానికి వెళ్లినా ప్రోటీన్ పొడి డబ్బాలు వరుసగా కనిపిస్తాయి. వాల్‌మార్ట్ ప్రధాన కార్యాలయం ఈ ఊళ్లోనే ఉంది. కోడిమాంసం అమ్మే టైసన్ కంపెనీ కేంద్రం దగ్గరలోని స్ప్రింగ్‌డేల్‌లో ఉంది. ఇలాంటి చోట పెరిగే మీ పిల్లవాడు, "మన పప్పులో ఏముంది?" అని అడిగితే ఏం చెబుతారు?

ముందు మన ముత్తాతల సంగతి చెప్పండి. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్ చేరింది. అందులో 342 మంది ఉన్నారు. అలా చెరకు తోటలకు వెళ్లిన కూలీలకు ఇచ్చిన రేషన్‌లో బియ్యం, పప్పు, ఎండు చేప ఉండేవి. ఒళ్లు వంచి పని చేసింది ఆ తిండితోనే.

ఇప్పుడు ఆ పప్పు వెంట కడుపులోకి వెళదాం. ప్రోటీన్‌ను పూసల దండ అనుకోండి. పూసల పేరు అమైనో ఆమ్లాలు. వాటిలో 20 రకాలు ఉన్నాయి. తొమ్మిదింటిని మన ఒళ్లు తయారు చేసుకోలేదు, తిండిలోనే రావాలి.

పొట్టలోని ఆమ్లం చుట్టుకున్న దండను విప్పుతుంది. పెప్సిన్ అనే ఎంజైము దాన్ని ముక్కలు చేస్తుంది. చిన్నపేగులో క్లోమం నుంచి వచ్చే ట్రిప్సిన్ లాంటి ఎంజైములు ఆ ముక్కలను ఇంకా చిన్నవి చేస్తాయి. చివరికి విడి పూసలు, రెండు మూడు పూసల ముక్కలు పేగు గోడ దాటుతాయి. రక్తం వాటిని ముందు కాలేయానికి చేరుస్తుంది.

అన్ని దండలూ ఒకేలా తెగవు. పాలు విరిగితే గడ్డ, నీళ్లు వేరవుతాయి కదా? ఆ నీళ్లలోని ప్రోటీన్ త్వరగా అరుగుతుంది. గడ్డలోని కేసీన్ పొట్టలోనూ గడ్డకట్టి, గంటల తరబడి నెమ్మదిగా అరుగుతుంది. డబ్బాల్లో దొరికే పొడుల్లో చాలావరకు ఆ నీళ్ల ప్రోటీనే.

గుడ్డు సంగతి చూడండి. 1998లో బెల్జియంలో జరిగిన పరిశోధనలో ఉడికిన గుడ్డు ప్రోటీన్ సుమారు 91 శాతం అరిగింది. పచ్చి గుడ్డుది 51 శాతమే అరిగింది. వేడికి దండ విప్పుకుంటుంది, అప్పుడు ఎంజైములకు దారి దొరుకుతుంది.

పప్పుకు ఇంకో చిక్కు ఉంది. పచ్చి పప్పుల్లో ట్రిప్సిన్‌ను అడ్డుకునే పదార్థాలు ఉంటాయి. బాగా ఉడికిస్తే వాటి బలం చాలావరకు పోతుంది. పప్పు నానబెట్టి, మెత్తగా ఉడికించి, పప్పుగుత్తితో మెదిపే మీ అమ్మమ్మ చేసింది అదే. అయినా పప్పు ప్రోటీన్ గుడ్డు, పాలు, మాంసం అంత పూర్తిగా అరగదు. పైగా అందులో మెథియోనిన్ తక్కువ. అన్నంలో లైసీన్ తక్కువ. ఒకదాని లోటును మరొకటి తీరుస్తుంది. రెండూ ఒకే ముద్దలో ఉండక్కర్లేదు, ఒకే రోజులో ఉంటే చాలు.

మరి ఎంత తినాలి? పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు కనీసం 0.8 గ్రాములు. అంటే 60 కిలోల మనిషికి 48 గ్రాములు. వంద గ్రాముల ఎండు కందిపప్పులో సుమారు 22 గ్రాములు ఉంటాయి, ఒక గుడ్డులో ఆరు.

అసలు జాగ్రత్త పడాల్సింది ఇంట్లో ముసలివాళ్ల గురించి. వయసుతో కండ తగ్గుతుంది, పళ్లు లేక చాలామంది చారన్నంతో సరిపెట్టుకుంటారు. వాళ్ల కంచంలో ఇంకో గరిటె పప్పు వేయండి, పెరుగో మెత్తని గుడ్డో పెట్టండి. మూత్రపిండాల జబ్బు ఉంటే మాత్రం ముందు డాక్టరును అడగండి.

ఆ తర్వాత వాళ్ల పక్కనే కూర్చుని, చిన్నప్పుడు ఏం తినేవారో తెలుగులో అడగండి. విన్నది మాకు రాయండి.

కొత్త మాటలు
అరుగు: తిన్నది జీర్ణమవు.
క్లోమం: పొట్ట వెనక ఉండే గ్రంథి.
కాలేయం: కుడి పక్కటెముకల కింద ఉండే పెద్ద అవయవం.
పప్పుగుత్తి: ఉడికిన పప్పు మెదిపే కర్ర.