పిండి నిలవాలి, సంస్థ నిలబడాలి: వ్యవసాయ అంకుర సంస్థలకు విద్యాలయాల ఊతం

సజ్జ గింజలు నెలల తరబడి నిల్వ ఉంటాయి. పిండి పట్టిస్తే మాత్రం కొద్ది రోజుల్లోనే చేదెక్కి, వాసన వేస్తుంది. బియ్యం, గోధుమల కంటే సజ్జల్లో కొవ్వు ఎక్కువ. గింజ నలగగానే లైపేజ్ అనే ఎంజైమ్ ఆ కొవ్వును కొవ్వు ఆమ్లాలుగా విడగొడుతుంది. అవి గాలిలోని ఆక్సిజన్‌తో చర్య జరపడంతో పిండి పాడవుతుంది. సజ్జ పిండిని ప్యాకెట్లలో అమ్మాలనుకునే యువతకు మొదటి అడ్డంకి ఇదే. పిండి నిల్వ ఉండకపోతే దూరపు మార్కెట్ లేదు. మార్కెట్ లేకపోతే వర్షాధార రైతుకు సజ్జ గిట్టుబాటు కాదు.

దీనికి పరిష్కారం ఉంది. పిండి పట్టే ముందు గింజలకు ఆవిరి పట్టి ఆరబెడితే ఎంజైమ్ చాలావరకు నిర్వీర్యమవుతుంది. అయితే ఎంత వేడి, ఎంతసేపు అన్నది తేల్చడానికి యంత్రాలు, ప్రయోగశాల, నిల్వ పరీక్షలు కావాలి. ఇవన్నీ సొంతంగా సమకూర్చుకోవడం కొత్త సంస్థకు తలకు మించిన భారం.

ఈ లోటును తీర్చడానికే విద్యా, పరిశోధన సంస్థల్లో ఇంక్యుబేషన్ కేంద్రాలు ఏర్పడ్డాయి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ 2003లోనే ఇలాంటి కేంద్రాన్ని ప్రారంభించింది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థలో న్యూట్రిహబ్, జాతీయ వ్యవసాయ పరిశోధన యాజమాన్య అకాడమీలో ఎ-ఐడియా పనిచేస్తున్నాయి. యంత్రాల వినియోగం, శాస్త్రవేత్తల సలహా, ఆహార భద్రత లైసెన్సుపై మార్గదర్శనం వంటివి ఇలాంటి కేంద్రాల ద్వారా అందుతాయి.

పెట్టుబడి మరో అవసరం. రాష్ట్రీయ కృషి వికాస్ యోజనలో భాగంగా 2018–19లో మొదలైన కార్యక్రమం కింద ఆలోచన దశలో రూ.5 లక్షల వరకు, తర్వాతి దశలో రూ.25 లక్షల వరకు గ్రాంటు లభించే ఏర్పాటు చేశారు.

డబ్బుతో కొనలేనిది సమయం. మొబైల్ యాప్‌లో లోపం కనిపిస్తే వారంలో సరిదిద్దవచ్చు. విత్తే యంత్రంలో లోపం ఖరీఫ్‌లో బయటపడితే, సవరించిన నమూనాను అదే పంటపై పరీక్షించడానికి సాధారణంగా మరుసటి ఖరీఫ్ దాకా ఆగాలి. అందుకే వ్యవసాయ అంకుర సంస్థకు కొన్ని నెలల శిక్షణ చాలదు. రెండు మూడు పంట కాలాలైనా తోడుండే వ్యవస్థ కావాలి.

ఆ తోడు చదువుకునే రోజుల్లోనే మొదలైతే మేలు. వ్యవసాయ డిగ్రీ నాలుగో ఏట ‘స్టూడెంట్ రెడీ’ కార్యక్రమం విద్యార్థులను పల్లెలకు పంపి, ఉత్పత్తి నుంచి అమ్మకం వరకు పని నేర్పుతుంది. అక్కడ రైతు సమస్యను గుర్తించిన విద్యార్థికి పట్టా తర్వాత కూడా ప్రయోగశాల తలుపులు తెరిచి ఉండాలి. అప్పుడే తరగతిలో పుట్టిన ఆలోచన అంగడికి చేరి, రైతు పంటకు గిరాకీ తెస్తుంది.