తాయ్‌షాన్ మెట్ల మీద

చైనాలో అయిదు యువాన్ల నోటు తిరగవేసి చూస్తే ఒక కొండ బొమ్మ కనిపిస్తుంది. అదే తాయ్‌షాన్. ఎత్తు 1,500 మీటర్ల పైచిలుకు. హిమాలయాలు ఎరిగిన మనకు అదొక లెక్కలోది కాదు. కాని చైనావారు పవిత్రంగా ఎంచే అయిదు పర్వతాలలో అగ్రపీఠం దీనిదే. పూర్వం చక్రవర్తులు తమ ఏలుబడి సంగతి ఆకాశానికి విన్నవించుకోవడానికి ఇక్కడికి వచ్చేవారు. క్రీ. పూ. 219లో చిన్ షీ హువాంగ్ వచ్చినప్పుడు గాలివాన పట్టుకుంటే ఒక పైన్ చెట్టు కింద తల దాచుకొని, ఆ చెట్టుకు 'వూ దాఫూ' అనే కొలువు బిరుదు ఇచ్చాడట. ఆనాటి ఇరవై అంతస్తులలో అది తొమ్మిదవది. 'వూ' అంటే అయిదు గనుక చెట్లే అయిదని తరువాతివారు అనుకున్నారు. ఇప్పుడక్కడ ఉన్నవి రెండే. అవీ పద్దెనిమిదో శతాబ్దంలో నాటినవి. బిరుదుల గతి ఎక్కడైనా ఇంతే కాబోలు!

2019 ఏప్రిల్‌లో, షాన్‌దోంగ్ రాష్ట్రంలోని ఒక ఉన్నత పాఠశాలలో నేను ఇంగ్లీషు చెబుతున్న రోజుల్లో, మా తరగతి పిల్లలను ఈ కొండకు విహారానికి తీసికొని వెళ్ళారు. నలభై ఆరుగురు పిల్లలు. ముందు వారి క్లాసు టీచరమ్మ, మెడలో ఈలతో. అందరికన్న వెనుక నేను. చివర ఎవరు ఆగినా నేను ఆగాలి. అదీ నాకు ఒప్పగించిన పని.

ఎర్రద్వారం దగ్గర మెట్లు మొదలవుతాయి. పై దాకా ఆరువేలకు పైగా ఉన్నాయి. కన్ఫ్యూషియస్ ఎక్కిన తావు ఇదేనని చెప్పే రాతి తోరణం కింద పిల్లలు ఫోటోలు తీసికొని పరుగెత్తారు. కొంత పైకి వెళ్ళి పక్కకు మళ్ళితే ఒక వాగు. దాని అడుగునున్న రాతి పరుపు మీద పద్నాలుగు వందల ఏళ్ళకు పూర్వం బౌద్ధుల వజ్రచ్ఛేదికా సూత్రాన్ని చెక్కారు. ఒక్కొక్క అక్షరం మూరెడు. వేయికి పైగా అక్షరాలు ఇంకా నిలిచి ఉన్నాయి. సంస్కృతం నుంచి దాన్ని చైనా భాషలోకి తెచ్చిన కుమారజీవుని తండ్రి మన దేశం వాడే. నా శిష్యులు అక్షరాలు గుర్తుపట్టి గడగడ చదివేస్తుంటే, మన సొత్తును నేను నోరు తెరుచుకొని వినవలసి వచ్చింది.

సగం దారిలో 'మధ్య స్వర్గద్వారం'. అక్కడ జియెన్‌బింగ్ అమ్ముతారు: పూతరేకంత పలుచని రొట్టెలో ఇంత పొడుగు ఉల్లికాడ చుట్టి ఇస్తారు. రెండు తిన్నాను. ఆ తరువాత రోజంతా పిల్లలు నాకు కొంచెం దూరంగా నడిచారు.

అసలు కష్టం పైన ఉంది. 'పద్దెనిమిది మలుపులు' అంటారు. కిలోమీటరు లోపు దూరంలో నాలుగు వందల మీటర్ల ఎత్తు, 1,600కు పైగా మెట్లు. నిచ్చెన వేసినట్లు ఉంటుంది. దాని నడిమధ్య మా క్లాసు లీడరు అమ్మాయి ఆగిపోయింది. తరగతి జెండా ఆమె చేతిలోనే ఉంది. ఒక్కసారి వెనక్కు తిరిగి కిందికి చూచిందట, అంతే! పక్కనున్న ఇనుప గొలుసు పట్టుకొని మెట్టు మీద కూలబడింది. కాళ్ళు వణుకుతున్నాయి. పైకి రాదు, కిందికి దిగదు.

"లావ్‌షీ, వాళ్ళకు చెప్పకండి" అన్నది. లావ్‌షీ అంటే మన 'మాస్టారూ' వంటి పిలుపు. జెండా రాకపోతే పైన ఫోటో లేదు. చెప్పకుండా ఎట్లా?

మాటల్లో పెడదామని తిరుమల సంగతి ఎత్తుకున్నాను. మా దేవుడి కొండకూ మెట్లున్నాయని, చివర మోకాళ్ళ పర్వతమనే చోట మోకాళ్ళతో ఎక్కేవారున్నారని చెప్పాను.

"ఎన్ని మెట్లు?"

"అలిపిరి దారిన 3,550."

"అంతేనా?" అన్నది. కళ్ళలో నీళ్ళున్నా గొంతులో షాన్‌దోంగ్ గర్వం దాగలేదు. అయినా గొలుసు మాత్రం వదలలేదు.

అప్పుడు వచ్చాడొక కావడి కూలీ. యాభై ఏళ్ళు దాటి ఉంటాయి. బద్దకు రెండువైపులా నీళ్ళ సీసాల పెట్టెలు. మనలాగా నిటారుగా ఎక్కడం లేదు. ఈ అంచు నుంచి ఆ అంచుకు ఏటవాలుగా నడిచి, అక్కడ భుజం మార్చుకొని, మళ్ళీ ఈ అంచుకు వస్తున్నాడు. దారి రెట్టింపవుతుంది. కాని ముందు వేలాడే బరువు మెట్టుకు కొట్టుకోదు, మోకాళ్ళూ ఓర్చుకుంటాయి. అతడు మలుపు తిరగవలసిన చోటే మా అమ్మాయి కూర్చున్నది. అతడు ఏమీ అనలేదు. బరువు మోస్తూనే నిలబడ్డాడు. ఆమెకు సిగ్గు వేసింది కాబోలు, లేచి రెండు మెట్లు పక్కకు జరిగింది.

"అచ్చం పాఠంలో లాగే!" అన్నది, అతడు మలుపు తిరుగుతుంటే. ఫెంగ్ జీచాయ్ అనే రచయిత ఈ కావడి కూలీల మీద వ్రాసిన వ్యాసం అక్కడి చిన్న తరగతుల వాచకంలో ఉండేది. దాన్ని కంఠస్థం చేసిన పిల్ల, పాఠంలోని మనిషిని మూడడుగుల దూరంలో చూడటం ఇదే మొదలు.

అతని వెనకే ఆ అంచుకు నడిచింది. మళ్ళీ ఈ అంచుకు. అట్లా వాలుగా నడిస్తే ఎదురుగా కొండరాయే కనిపిస్తుంది గాని కింది లోయ కంటబడదు. ఆ కిటుకు ఆమెకే తట్టింది. నేను వెనుకనే ఉన్నాను. కావడివాడు మధ్యలో ఆగలేదు గనుక మేమూ ఆగలేదు.

దక్షిణ స్వర్గద్వారం దగ్గర నలభై అయిదుగురూ కేకలు పెట్టారు. టీచరమ్మ తలలు లెక్కపెట్టి, నా ముఖం చూచి, ఏమీ అడగలేదు. ఆ అమ్మాయి జెండా పక్కవాడికి ఇచ్చి, కావడివాని కోసం వెదికింది. అతడు అప్పటికే దుకాణాల వెనక్కు వెళ్ళిపోయాడు.

పైన బిషియా అమ్మవారి గుడి ఉన్నది. యాత్రికులు ఆమెను 'తాయ్‌షాన్ అవ్వ' అంటారు. గాలికి ఎగిరిపోకుండా పెద్దమండపానికి కంచు పెంకులు, పక్కవాటికి ఇనుప పెంకులు వేశారు. కొండకొమ్మున చక్రవర్తి షువాన్‌జోంగ్ క్రీ. శ. 726లో చెక్కించిన పదమూడు మీటర్ల శాసనం బంగారు అక్షరాలతో మెరుస్తున్నది. చూడటానికి అరగంటే దొరికింది.

దిగడానికి 1983 నుంచి తీగబండి ఉన్నది. పిల్లలంతా వరుస కట్టారు. మా లీడరు ఆ తీగనూ, కింద లోయనూ ఒకసారి చూచి, తాను మెట్ల మీదనే దిగుతానన్నది. ఒంటరిగా పంపకూడదు. టీచరమ్మ నా వైపు తిరిగింది.

ఏటవాలుగా, ఈ అంచు నుంచి ఆ అంచుకు, ఇద్దరమూ దిగాము.