నారముడులలో వెలసిన మూర్తులు

రాతిని చెక్కినవాడు శిల్పి, త్రాటిని ముడివేసినవాడు పనివాడు. ఈ భేదము లోకములో లోతుగ నాటుకొన్నది. మన బడులలో చేతిపని గంటకు దక్కు గౌరవ మెంతో ఉపాధ్యాయులకు వేరుగ చెప్ప నక్కరలేదు. నారనే నమ్ముకొని శిల్పి యనిపించుకొనుటకు మృణాలినీ ముఖర్జీ ఈ భేదముతోనే తలపడవలసి వచ్చెను.

ఆమె 1949లో బొంబాయిలో జన్మించెను. తండ్రి వినోద బిహారీ ముఖర్జీ శాంతినికేతన చిత్రకారులలో అగ్రగణ్యుడు. తల్లి లీల కొయ్యశిల్పములు చెక్కెడిది. కనుచూపు పూర్తిగ పోయిన పిమ్మట సైతము ఆ తండ్రి కాగితపు ముక్కలను చేతితో తడవి చూచుకొనుచు చిత్రములు కూర్చెను. వ్రేళ్లకును చూపుండు నని ఆ యింటి బిడ్డకు ఒకరు బోధింపవలెనా?

బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ వద్ద కుడ్యచిత్రకళ నభ్యసించినప్పుడు ఆమె దృష్టి నారపైకి మరలెను. సుబ్రహ్మణ్యన్ ఆమె తండ్రికి శిష్యుడు. చేతివృత్తులను చిన్నచూపు చూచినవాడు కాడు.

ఆమె పనికి మగ్గముతో నిమిత్తము లేదు. ముందుగ బొమ్మ గీసికొనుటయు లేదు. త్రాళ్లకు రంగు వేసి, లోహపు ఊత నిలిపి, ముడిమీద ముడి వేయుచు పోవుటయే. ఒక్కొక్క మూర్తికి నెలలు పట్టెడివి. మెత్తని త్రాడు ముడి బిగిసినకొలది గట్టిపడును. వదులుగ విడిచినచోట బరువునకు జారి మడతలు పడును. ఈ రెండు గుణములను ఎరిగి వాడుకొనుటలోనే ఆమె నేర్పంతయు నున్నది. ‘యక్షి’ (1984), ‘వనశ్రీ’ (1994) మనిషి నిలువును మించిన మూర్తులు. పేర్లు పాతవే కాని శాస్త్రములు చెప్పిన ప్రతిమాలక్షణములు వీనియందు వెదకిన దొరకవు. దేహ మెచ్చట ముగిసెనో, పువ్వెచ్చట విచ్చెనో చెప్పుట కష్టము. చూపరికి భక్తియు, ఒకింత జంకును కలుగును.

ఇంతటి పనిని సైతము అలంకరణపు అల్లిక యని త్రోసిపుచ్చినవారు లేకపోలేదు. పాశ్చాత్యుల యిండ్లలో పూలకుండీలు వ్రేలాడదీయు ముడుల అల్లిక వేడుకగ నున్న కాల మది. పోలిక పైపైనే, అయినను మచ్చ పడినది.

1990 తరువాత ఆమె క్రమముగ నార విడిచి మట్టిని, అటుపిమ్మట కంచును చేపట్టెను. కంచుపోతకు వలయు మైనమును గూడ వ్రేళ్లతోనే మలచెను.

2015లో ఢిల్లీలోని జాతీయ ఆధునిక కళామందిరమున ఆమె కృషినంతను చూపు ప్రదర్శన ఆరంభమైనది. కొలది దినములకే, ఫిబ్రవరిలో, ఆమె కన్నుమూసెను. 2019లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియము వారు మరియొక పెద్ద ప్రదర్శన నెలకొల్పిరి. అందు నార, మట్టి, కంచు మూడును ఒకే కప్పు క్రింద నిలిచినవి.