నాలుగో దశలో ఆపరేషన్ ఎవరికి?

ఊపిరితిత్తిలో పుట్టిన క్యాన్సర్ మెదడుకో, ఎముకలకో, కాలేయానికో, మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులకో పాకితే అది నాలుగో దశ. రెండో ఊపిరితిత్తిలో గడ్డలు కనిపించినా, ఊపిరితిత్తి పొరల మధ్య చేరిన నీటిలో క్యాన్సర్ కణాలు దొరికినా అదే దశ కింద లెక్క. ఇక్కడ ప్రధాన చికిత్స మందులే. కీమోథెరపీ, ఇమ్యూనోథెరపీ ఇస్తారు. ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే జన్యుమార్పులు ఉన్నవారికి రోజూ వేసుకునే మాత్రలున్నాయి. స్కానింగ్‌లో గడ్డ కళ్లెదుటే ఉన్నప్పుడు కోసి తీసేయరేమని ఇంటివాళ్లు అడగడం సహజం. కానీ కణాలు అప్పటికే నెత్తురులో కలిసి దూరం వెళ్లిపోయి ఉంటాయి. ఒకచోట తీసేసినా మిగతాచోట్ల జబ్బు పెరుగుతుంది, కోత మానేదాకా మందులూ ఆపాల్సి వస్తుంది. చాలామందికి డాక్టర్లు ఆపరేషన్ వద్దనేది ఇందుకే.

ఈ పరిమితి సర్జన్లకూ తప్పలేదు. క్యాన్సర్ సోకిన ఊపిరితిత్తిని 1933లో మొత్తంగా తీసి రోగిని నిలబెట్టిన సర్జన్ అమెరికాలోని సెయింట్ లూయిస్‌కు చెందిన ఈవార్ట్స్ గ్రాహం. 1957లో అదే క్యాన్సర్ ఆయన రెండు ఊపిరితిత్తుల్లోనూ బయటపడింది. కోయడానికి వీలులేకపోయింది, కొద్ది వారాల్లోనే కన్నుమూశారు. ఆయన చేత ఆపరేషన్ చేయించుకున్న రోగి ఆ తరవాత కూడా కొన్నేళ్లు బతికాడు.

అయితే జబ్బు అందరిలో ఒకే తీరుగా పాకదు. కొందరిలో రెండు మూడు చోట్లకే వెళ్లి ఆగుతుంది. ఈ స్థితికి 1995లో హెల్‌మన్, వైక్సెల్‌బామ్ అనే వైద్యులు ‘ఆలిగోమెటాస్టాసిస్’ అని పేరు పెట్టారు. ఆయుష్షు పెంచడానికి ఆపరేషన్ మాట ఎత్తగలిగేది వీరి విషయంలోనే.

అంతకుముందే మెదడు ఆపరేషన్లలో ఇందుకు ఒక ఆధారం దొరికింది. మెదడులో ఒకే గడ్డ ఉన్న 48 మందిపై ప్యాచెల్ బృందం చేసిన అధ్యయనం 1990లో వెలువడింది. వారిలో ఎక్కువమందిది ఊపిరితిత్తుల క్యాన్సరే. రేడియేషన్ ఒక్కటే ఇచ్చినవారిలో సగంమంది 15 వారాలు దాటలేదు. ముందు గడ్డ తీసి తరవాత రేడియేషన్ ఇచ్చినవారిలో ఆ గడువు 40 వారాలకు పెరిగింది. మొదట చేర్చుకున్న 54 మందిలో ఆరుగురికి ముక్క తీసి పరీక్షిస్తే మెదడులో ఉన్నది పాకిన క్యాన్సరే కాదని తేలింది. టీబీ ఎక్కువగా ఉన్న మన దేశంలో ఈ సంగతిని మరీ గుర్తుంచుకోవాలి. టీబీ గడ్డ కూడా స్కానింగ్‌లో క్యాన్సర్‌లాగే కనిపించగలదు. ఇప్పుడు చిన్న గడ్డలకు గురిచూసి ఇచ్చే రేడియేషనే చాలు. పెద్దదై మెదడును నొక్కుతుంటే తప్ప సాధారణంగా కత్తి పట్టరు.

మూడు చోట్లకు మించి పాకనివారికి తొలివిడత మందుల తరవాత అన్ని గడ్డలకూ ఆపరేషనో రేడియేషనో చేసి చూసిన అధ్యయనం ఒకటి 2016లో వచ్చింది. 2019 నాటి లెక్కల్లో వారి మధ్యస్థ ఆయుష్షు 41 నెలలు, అలా చేయనివారిది 17. ఆశ పుట్టించే అంకెలే, కాని అందులో ఉన్నది 49 మందే. ఇమ్యూనోథెరపీ తోడయ్యాక చేసిన ఇంకో పెద్ద అధ్యయనంలో ఈ మేలు కనబడలేదని 2024లో ప్రకటించారు. అందుకే నిపుణులు తొందరపడరు. కొన్ని నెలలు మందులిచ్చి, కొత్త గడ్డలు పుట్టకపోతేనే ఆలోచిస్తారు. పెట్ సీటీ, మెదడు ఎమ్మారై చూస్తారు. ఛాతీ మధ్య లింఫ్ గ్రంథులకు పాకిందేమో పరీక్షిస్తారు. ఊపిరి బలం కొలుస్తారు. స్మాల్ సెల్ అనే రకం ఊపిరితిత్తి క్యాన్సర్‌లోనైతే ఈ దశలో ఆపరేషన్‌కు దాదాపు చోటే లేదు.

ఆయుష్షు పెంచడానికి కాక బాధ తీర్చడానికి చేసే ఆపరేషన్లు చాలామందికి అవసరమవుతాయి, వాటి గురించి మాత్రం తక్కువగా వింటాం. పొరల మధ్య నీరు పదేపదే చేరి ఆయాసం వస్తుంటే నీరు తీసి, టాల్క్ పొడితో పొరలను అతికిస్తారు, లేదా ఇంట్లోనే నీరు తీసుకునేలా సన్నని గొట్టం అమరుస్తారు. తొడ ఎముక డొల్లబారితే విరగకముందే లోపల రాడ్ వేస్తారు. మంచం పట్టాల్సిన మనిషి నాలుగడుగులు వేయగలుగుతాడు.

అన్నిటికన్నా తొందరపడాల్సింది వెన్నెముక విషయంలో. గడ్డ వెన్నుపామును నొక్కుతున్న 101 మందిపై జరిగిన అధ్యయనం 2005లో వచ్చింది. ఆపరేషన్, రేడియేషన్ రెండూ జరిగినవారిలో 84 శాతం మంది నడవగలిగారు. రేడియేషన్ ఒక్కటే అయితే 57 శాతం. కాళ్లు పూర్తిగా పడిపోయి రోజులు గడిచాక చేస్తే ఫలితం అంతంతమాత్రమే. క్యాన్సర్ ఉన్న మనిషికి నడుములోనో వీపులోనో కొత్తగా నొప్పి మొదలై, కాళ్లు తిమ్మిరెక్కినా, తూలినా, మూత్రం బిగిసినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.